ఈ పాట అయిపోనీ

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారంటే, బాబాయి, పిన్ని, బాబాయి వాళ్ళమ్మ, డ్రమ్ములు వాయించే దరువు మామయ్య, రికార్డింగు మిషను మోసుకొచ్చిన హాలు యజమాని బావమరిది, ఓ మూల నేను. బాబాయి కుర్చీలో కూర్చుని శాక్సోఫోన్ తుడుచుకుంటున్నాడు. వాళ్ళమ్మని నేను మామ్మ అంటాను. దగ్గొద్దన్నారని అలిగి మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. దరువు మామయ్య పొద్దున్నించీ ఎవరితోనూ మాట్లాడలేదు. యజమాని బావమరిది వైర్ల చిక్కు తీస్తున్నాడు. నిలబడి ఉన్నది పిన్ని ఒక్కతే. వంటింటి కుళాయి చుక్కచుక్కగా కారుతోందని దాని మూతికి పాతగుడ్డ చుడుతోంది. అప్పటికే కిటికీలకి దుప్పట్లు కట్టింది, ఫ్యాను ఆపింది, గోడగడియారం టిక్కుటిక్కుమంటోందని దించి బియ్యం డబ్బాలో పెట్టింది. అన్నీ అయ్యాక చేతులు తుడుచుకుని అకార్డియన్ భుజాలకి తగిలించుకుంటూ ఉంటే బాబాయి అన్నాడు, "నీ కోసమే అందరం కాసుక్కూర్చున్నాం" అని.

మేముండేది డాన్సు హాలు పైభాగంలో. లోపలి మెట్లు దిగితే నేరుగా హాలు వంటగదిలోకి వెళతాం, అక్కణ్ణించి హాల్లోకి. ఆదివారం సాయంత్రాలు ఊళ్ళో జంటలన్నీ అక్కడికొస్తాయి. మా పల్లెలో బడి పదో తరగతితో అయిపోతుంది కాబట్టి అమ్మ నన్ను తన చెల్లెలి ఇంట్లో ఉంచి పైచదువుకి పంపింది. వచ్చిన కొత్తలో మెట్ల మలుపులో కూర్చుని హాలు వైపున్న కిటికీ కమ్మీల మధ్యనుంచి చూసేదాన్ని. అంతమంది ఎదుట మగవాళ్ళూ ఆడవాళ్ళూ చేతులు పట్టుకుని తిరుగుతుంటే నాకే సిగ్గేసి తల తిప్పుకునేదాన్ని. తర్వాత అలవాటైంది. ఎవరైనా పలకరిస్తే మాత్రం ఇప్పటికీ గొంతు పెగలదు, అందుకే బాబాయి నాకు మూగపిట్ట అని పేరు పెట్టాడు. మాట్లాడనివాళ్ళకి చూడ్డం బాగా వస్తుంది. నేను ఎక్కువగా చూసింది పిన్నిని. స్టేజీ మీద బాబాయి ముందు నిలబడి ఊదుతుంటే, వెనకాల పీట మీద కూర్చునే పిన్ని హాల్లోవాళ్ళకి సగమే కనిపిస్తుంది. నుదురు, ఒక మోచెయ్యి, అంతే. తను అకార్డియన్ మీద తన వేళ్ళ వైపు ఎప్పుడూ చూడదు. డాన్సు చేసేవాళ్ళ పాదాలు చూస్తుంది. టైలరు గారికి మోకాలు నొప్పి, భార్యని తిప్పే చోట ఆయన కాస్త ఆగాలి. ఆ ఆగడానికి సరిపడా పిన్ని ఊపిరి బిగపట్టినట్టు ఒక స్వరాన్ని పట్టుకుని ఉంచుతుంది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఇంకా తిరగాలని ఉబలాటపడుతుంటే గడ్డం పైకెత్తుతుంది, బాబాయి పల్లవి మళ్ళీ ఎత్తుకుంటాడు. అడుగులు బరువెక్కితే భుజం దించుతుంది, దరువు మామయ్య దెబ్బ మెత్తబడుతుంది. బాబాయి భలే కనిపెట్టి వాయిస్తాడని ఊరంతా అనుకుంటుంది. బాబాయి కూడా అలాగే అనుకుంటాడేమోనని నాకు అనుమానం.

ఆదివారమంటే పిన్నికి పొద్దున్నే మొదలు. హాలు ఊడ్చి, తుడిచి, అడుగులు జారడానికి నేల మీద పౌడరు చల్లుతుంది. కుర్చీలు గోడ వారగా వేస్తుంది. బాబాయి కోటు, దరువు మామయ్య కోటు ఇస్త్రీ చేస్తుంది. తనకి కోటు లేదు, వెనకాల కూర్చునేదానికి ఎందుకని కుట్టించుకోలేదు. తనే కుట్టు వచ్చిన మనిషి, ఆ రెండు కోట్లూ కుట్టింది తనే. మధ్యలో టీకి ఆపినప్పుడు అకార్డియన్ దించి వంటగదిలోకి పరిగెడుతుంది. హాలు చల్లారిపోకూడదని అంతసేపూ దరువు మామయ్య ఒక్కడే ఏదో దరువు వేస్తూ ఉంటాడు. పిన్ని లోపల టీ కాచి, గ్లాసుల్లో పోసి, ట్రేలు కిటికీలోంచి అందించి, ఖాళీ గ్లాసులు కడిగి, నీళ్ళకి నానిన వేళ్ళు ఆరకముందే మళ్ళీ పీట మీదికొస్తుంది. బయట బోర్డు మీద బాబాయి పేరు, దాని కింద 'బృందం' అని ఉంటుంది. మీ బ్యాండులో ఎవరెవరని కొత్తవాళ్ళు అడిగితే బాబాయి నవ్వుతూ, "నేనూ, మా డ్రమ్ముల ఆయనా. మా ఆవిడ కూడా సాయంగా కూర్చుంటుంది" అంటాడు. సాయంగా. మామ్మ మాట ఇంకో రకం. అకార్డియన్‌ని తిత్తి అంటుంది. "మా కోడలు ఆదివారం వచ్చిందంటే తిత్తి ముందేసుకుని కూర్చుంటుందమ్మా, దాని అదృష్టం, కూర్చుని చేసే పని" అని వచ్చినవాళ్ళకి చెబుతుంది. పిన్ని కూడా నవ్వేస్తుంది. అంత తొందరగా ఎందుకు నవ్వుతుందా అనిపించేది నాకు.

రికార్డింగు సంగతి తెచ్చింది హాలు యజమాని. ఎక్కడ చూసినా ఇప్పుడు పాటలు వాయించే పెట్టె పెట్టేస్తున్నారట, బ్యాండులు ఎవరూ పెట్టుకోవడం లేదట. పెట్టెకి జలుబు చెయ్యదు, బంధువులింట్లో పెళ్ళని సెలవు అడగదు, మధ్యలో టీ తాగదు అన్నాడు. దరువు మామయ్య మెల్లగా, "అది కళ్ళు లేని వాయిద్యం సార్. కింద మనిషి పడిపోయినా దాని దారిన అది వాయించుకుపోతుంది" అన్నాడు. యజమాని పకపకా నవ్వి, నీ డ్రమ్ముకి మాత్రం కళ్ళున్నాయా అన్నాడు. బాబాయి తెలివిగా మధ్యేమార్గం కనిపెట్టాడు. ఎవరివో పాటలు ఎందుకు, మన పాటలే రికార్డు చేసి పెడదాం, పెట్టె దగ్గర నేను ఉంటాను అన్నాడు. అంటే బాబాయి ఉద్యోగం ఉంటుంది. దరువు మామయ్యది ఉండదు. పిన్నిది ఉద్యోగమని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఆ లెక్కే రాలేదు. దరువు మామయ్య పిన్ని వైపు చూశాడు. పిన్నిని ఆయన చెల్లెమ్మా అంటాడు, ఆ చెల్లెలు తన పక్షాన ఒక్క మాటైనా అంటుందనుకున్నాడు. పిన్ని అందరికంటే ముందు సరేనంది. "చేసేద్దామండీ. ఎప్పుడు?" అంది. అది విని నేనే కంగారుపడ్డాను. ఆ పీట మీద కూర్చున్నప్పుడు తప్ప పిన్ని ముఖం విచ్చుకోవడం నేను చూడలేదు. ఆ పీటని తన చేత్తో తనే తీసి పక్కన పెడుతోంది.

ఎందుకో మర్నాడు చెప్పింది. నేను గిన్నెలు కడుగుతున్నాను, తను తుడుస్తోంది. కుట్టుపని నేర్చుకోవడానికి ఈ ఊరొచ్చిన రోజుల్లో ఓ ఆదివారం తోటిపిల్లలతో కలిసి ఈ హాలుకే వచ్చిందట. తోటిపిల్లలందరినీ ఎవరో ఒకరు వచ్చి డాన్సుకి అడిగారు, తనని ఎవరూ అడగలేదు. గోడకి ఆనుకుని గోళ్ళు చూసుకుంటూ నిలబడితే, స్టేజీ మీద ఊదుతున్న మనిషి పాట మధ్యలో వేళ్ళు ఎత్తి ఆగమన్నట్టు సైగ చేశాడట. పాట అయ్యాక వంగి, "ఈ పాట అయిపోనీ, వస్తా" అన్నాడట. అది అయ్యాక ఇంకో పాట. దాని తర్వాత ఇంకోటి. హాలు మూసేదాకా తను అక్కడే నిలబడింది. ఆ నిలబడటం చూసే నేను పడిపోయానని బాబాయి తర్వాత చెప్పాడట. పెళ్ళయిన నెలకే పాత అకార్డియన్ ఆయన మానేస్తే, నీ వేళ్ళు బావున్నాయి నువ్వు నేర్చుకో అన్నాడు. నేర్చుకుంది. ఆ తర్వాత ఎప్పుడైనా, మనం ఒక్కసారి దిగుదామండీ అంటే, "ఇద్దరం దిగితే వాయించేదెవరే?" అనేవాడు. ఆ మాటకి జవాబు లేదు కదా అంది పిన్ని. నిజంగానే లేదు. నేను కూడా ఒప్పుకున్నాను. వాయించేవాళ్ళు డాన్సు చెయ్యలేరు, వంట చేసేవాళ్ళు ముందు తినలేరు, అలాంటిదే ఇదీ అనుకున్నాను.

"ఇప్పుడు పెట్టె వాయిస్తుంది" అంది పిన్ని. తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తోంది. "మీ బాబాయిని అడిగాను. ఇంకేం, అప్పుడు మనం ఖాళీయే కదా అన్నారు."

అందుకని ఆ రోజు ఇంట్లో అంత నిశ్శబ్దం. కానీ మొదటి పాటకే తేడా వచ్చింది. అంతా సాఫీగా పోతూ ఉంటే మధ్యలో పిన్ని చెయ్యి ఆగినట్టై మళ్ళీ అందుకుంది. మిషను ఆపారు. మళ్ళీ వాయించారు. మళ్ళీ అదే చోట. బాబాయి శాక్సోఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఏమైందని అడిగాడు.

"టైలరు గారు తిరిగే చోటు కదండీ" అంది పిన్ని.

"టైలరు ఎక్కడున్నాడే ఇక్కడ?"

యజమాని బావమరిది కిసుక్కున నవ్వాడు. పిన్ని నేల వైపు చూసింది. గచ్చు తప్ప ఏమీ లేదు. పోనీ కళ్ళు మూసుకుని వాయించు అన్నాడు బాబాయి. కళ్ళు మూసుకుంటే మరీ తడబడింది. చిన్నపిల్లలు అక్షరాలు కూడబలుక్కున్నట్టు వాయించింది. మామ్మ గోడ వైపు తిరిగే, ఇన్నేళ్ళూ తిత్తి కొట్టి ఇదేనా నేర్చింది అంది. అప్పుడు పిన్ని నన్ను పిలిచింది. రావే, వచ్చి నా ఎదురుగా ఊరికే అడుగులెయ్యి అంది. నేను గోడకి అతుక్కుపోయాను. అంతమంది ఎదుట, అదీ యజమాని బావమరిది ఎదుట. అడుగుల చప్పుడు రికార్డవుతుందని బాబాయి అంటే, పిన్ని వెళ్ళి బాబాయి ఉన్ని మేజోళ్ళు తెచ్చి నా కాళ్ళకి తొడిగింది. అవి మడమల దగ్గర వేలాడుతున్నాయి. చేతులు ఏం చెయ్యాలో తెలియక దిండొకటి కౌగిలించుకున్నాను. పాట మొదలైంది. మెట్ల మలుపులో కూర్చుని ఇన్నాళ్ళు చూసిందంతా కాళ్ళలో ఎక్కడో ఉన్నట్టుంది, అవే కదిలాయి. పిన్ని నా పాదాలు తప్ప ఇంకేమీ చూడలేదు. నేను ఆగితే ఆగింది. నేను తిరిగితే తను నన్ను తిప్పినట్టే ఉంది. ఎవరైనా మనల్ని అంత శ్రద్ధగా చూస్తే ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. మామ్మ ఎప్పుడు ఇటు తిరిగిందో, కొంగు నోట్లో కుక్కుకుని దగ్గూ నవ్వూ ఆపుకుంటోంది. ఒక్కో పాటా ఒకేసారికి అయిపోయింది. చివరిది నిదానపు పాట, అందులో మధ్యన శాక్సోఫోన్ ఊరుకుంటుంది, అకార్డియన్ ఒక్కటే ఉంటుంది. అది వాయించేటప్పుడు మాత్రం పిన్ని నా పాదాలు కూడా చూడలేదు. ఎటో చూస్తూ నవ్వుకుంటూ వాయించింది.

రికార్డింగు అయ్యాక దరువు మామయ్య డ్రమ్ములకి గుడ్డలు చుట్టుకుంటూ, "నన్ను నువ్వే సాగనంపావు చెల్లెమ్మా" అన్నాడు. పిన్ని ఆయనకి టీ ఇచ్చింది.

ఆ వారమంతా పిన్ని వేరే మనిషి. తన చెప్పులు చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, రబ్బరు అట్ట పీకించి నున్నటి తోలు వేయించింది. రబ్బరైతే నేల మీద పట్టేస్తుందట, తిరగలేమట. అన్ని పాదాలు చూసిన మనిషికి ఆ మాత్రం తెలియదా. మధ్యాహ్నాలు మామ్మ నిద్రపోయాక వంటింట్లో నా చేతులు పట్టుకుని అడుగులు వేసేది. అడుగులన్నీ తెలుసు, కాళ్ళకి మాత్రం అలవాటు లేదు. బాబాయిలా నన్ను ముందుకి నడిపించమనేది, అంతలోనే మర్చిపోయి తనే నడిపించేసేది. ఇద్దరం స్టవ్ గట్టుకి కొట్టుకుని నవ్వేవాళ్ళం. దాచుకున్న నీలం బట్టలు తీసి మెడ దగ్గర మళ్ళీ కుట్టింది. బాబాయి చూసి, ఏంటి ఎక్కడికైనా ఊరెళుతున్నావా అన్నాడు. పిన్ని ఎర్రబడి లోపలికెళ్ళిపోయింది. ఆయనకి గుర్తు లేదని నాకు అప్పుడే అనిపించింది. గుర్తు లేదని పిన్నికి చెప్పాలని కూడా అనిపించింది. కానీ ఆట పట్టించడానికి అలా అన్నాడేమో, పెద్దవాళ్ళ సరసాలు నాకేం తెలుసు అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. పౌడరు చల్లడం, కుర్చీలు వెయ్యడం, కోటు ఇస్త్రీ, అన్నీ మామూలే. స్టేజీ మీద పీట తీసేసి పెట్టె పెట్టారు, అటూ ఇటూ రెండు స్పీకర్లు. బాబాయి ఒక మీట నొక్కాడు, పిన్ని వాయించడం మొదలైంది. పిన్ని మాత్రం వంటగది గుమ్మంలో నీలం బట్టల్లో నిలబడి ఉంది. తన చేతులు తనకి వినిపిస్తుంటే వేళ్ళు ఒకదానికొకటి రాసుకుంటోంది. జంటలు దిగాయి. మొదట్లో బాగానే ఉంది. టైలరు గారు తిరిగే చోటు వచ్చింది. పిన్ని తనకి తెలియకుండానే ఊపిరి బిగపట్టింది, స్వరాన్ని పట్టి ఉంచుతున్నట్టు. పెట్టె ఆగలేదు. ఆయన కాలు ఇంకా గాల్లో ఉండగానే పాట ముందుకెళ్ళిపోయింది, భార్య పట్టుకుంది కాబట్టి సరిపోయింది. పాట అవగానే అందరూ అలవాటుగా స్టేజీ వైపు తిరిగి చప్పట్లు మొదలుపెట్టి, అక్కడ ఎవరూ లేరని చూసి ఆపేశారు. కొత్త పెళ్ళికొడుకు ఇంకోసారి అని కేకేశాడు. వేరే పాట వచ్చేసింది. దరువు మామయ్య కూడా వచ్చాడు. మామూలు బట్టల్లో గోడ వారగా కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు కదలకుండా పట్టుకున్నాడు.

మీట నొక్కాక బాబాయికి పనేం లేదు. కోటు సర్దుకుని స్టేజీ దిగాడు. పిన్ని ట్రే కింద పెట్టేసింది. చేతులు తుడుచుకుని, జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. బాబాయి ఇటే వస్తున్నాడు. వచ్చి, పిన్నిని దాటి, యజమాని భార్య ముందు వంగి చెయ్యి చాపాడు. పర్వాలేదు, యజమాని భార్య కదా, మొదట ఆవిడనే అడగాలి అనుకున్నాను. పిన్ని కూడా అలాగే అనుకున్నట్టుంది, నా వైపు చూసి చిన్నగా తలూపింది. తర్వాతి పాటకి స్కూలు టీచరుగారిని అడిగాడు. ఆ తర్వాత మందుల షాపు ఆయన చెల్లెల్ని. బాబాయి ఎంత బాగా చేస్తున్నాడో. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వదిలి మళ్ళీ పట్టుకోవాలో, కొత్తవాడి తడబాటే లేదు. ఎప్పుడు నేర్చుకున్నాడు అని నాకు వచ్చిన ఆలోచన అక్కడితో ఆగిపోయింది, ఎందుకంటే పిన్ని గుమ్మం దాటి హాల్లోకి నడిచింది. అంత వెలుగులో, అంతమంది మధ్య పిన్ని చిన్నగా కనిపించింది. పాటకీ పాటకీ మధ్య బాబాయి దగ్గరికెళ్ళి, వినీవినిపించనట్టు అడిగింది.

"ఏమండీ, మనం?"

బాబాయి చుట్టూ చూసి నవ్వాడు. "మనమా? వచ్చినవాళ్ళని వదిలేసి ఇంట్లోవాళ్ళం మనలో మనం తిరుగుతుంటే ఏం బావుంటుందే? అటు చూడు, టీ అందలేదని అడుగుతున్నారు."

కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బావుండేది, తర్వాత బతిమాలుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది. పిన్ని సరేనన్నట్టు తలూపి వెనక్కొచ్చింది. టీ పోసింది. ట్రే నా చేతికి ఇవ్వకుండా తనే తీసుకెళ్ళి అందరికీ ఇచ్చింది. నిదానపు పాట ఇంకా రాలేదు, అది ఆఖర్న ఉంది. దానికోసం చూస్తోందని నాకు తెలుసు. మామ్మ గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, ఇవాళ తిత్తి లేక కోడలికి కాళ్ళు నిలవడం లేదని పక్కావిడతో అంటోంది.

నిదానపు పాట మొదలయ్యేసరికి బాబాయి మళ్ళీ యజమాని భార్య చెయ్యి పట్టుకున్నాడు. టైలరు గారు ఇక తనవల్ల కాదని వచ్చి కూర్చుంటే ఆయన భార్య మోకాలు రాస్తోంది. పిన్ని వాళ్ళకి గ్లాసులు అందించింది. ఆ ముసలావిడ మంచి మనిషి, ఎవరినీ నొప్పించేది కాదు. బాబాయి వైపు చూస్తూ మురిసిపోయి, "మీ ఆయన తిప్పితే ఒళ్ళు తేలిపోతుందమ్మా. టీకి ఆపినప్పుడు మాక్కూడా ఒక్కోసారి వంతు వచ్చేది" అంది.

"టీకి ఆపినప్పుడా?" అంది పిన్ని.

"అదే, ఆ డ్రమ్ముల ఆయన ఒక్కడే దరువేస్తుంటే స్టేజీ దిగొచ్చి అందరితోనూ ఓ చుట్టు తిరిగేవారుగా. ఎన్నేళ్ళ నించో ఉన్నదేగా ఇది. నువ్వు లోపల గ్లాసులతో ఉండేదానివి, చూసుండవులే."

నేనూ చూడలేదు. టీ సమయంలో నేనూ వంటగదిలోనే ఉండేదాన్ని, హాలు వైపు వీపు పెట్టి పిన్నికి గ్లాసులు అందిస్తూ. గోడ అవతల దరువూ చప్పట్లూ వినిపించేవి, వచ్చినవాళ్ళెవరో సరదా పడుతున్నారనుకునేవాళ్ళం. పిన్ని దరువు మామయ్య వైపు చూసింది. ఆయనకి మా మాటలు వినిపించే ఉంటాయి. పిన్ని చూపు పడగానే తల దించుకుని తన అరచేతులు చూసుకున్నాడు. ఇంకెవరినీ ఏమీ అడగక్కర్లేకపోయింది.

పాటలో శాక్సోఫోన్ ఊరుకునే చోటు వచ్చింది. హాలంతా పిన్ని అకార్డియన్ ఒక్కటే. బాబాయి కళ్ళు సగం మూసుకుని యజమాని భార్యని గుండ్రంగా తిప్పుతున్నాడు. ఆ స్వరాలు వాయించేటప్పుడు పిన్ని మనసులో ఎవరి అడుగులు చూసుకుందో హాల్లో నాకొక్కదానికే తెలుసు. పిన్ని ఖాళీ ట్రేని టైలరు గారి పక్క కుర్చీ మీద జాగ్రత్తగా పెట్టింది, చప్పుడు కాకుండా. వంటగదిలోంచి లోపలి మెట్ల వైపు నడిచింది. నేను వెంటపడ్డాను.

పైన ఇంకా వెలుతురుంది. గది గుమ్మం దాటి పిన్ని వెనక్కి తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవడం లేదు. రోజంతా బరువు మోసి దించినవాళ్ళ ముఖంలా ఉంది. నువ్వెందుకొచ్చావే, కిందికెళ్ళు, నీకు చూడ్డం ఇష్టం కదా అంది. నేను కదల్లేదు. ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. పిన్నీ అన్నాను, అంతే.

"గ్లాసులు ఎవరు కడుగుతారో మీ బాబాయిని చూసుకోమను" అంది. "ఇవాళనే కాదు. నేనేదని అడిగితే తలనొప్పి అని మాత్రం చెప్పకు. నాకే నొప్పీ లేదు, రానంది అని చెప్పు."

సరేనన్నాను. కింద తన పాట ఇంకా నడుస్తూనే ఉంది. పిన్ని తలుపు మీద చెయ్యి వేసి, సగం నాతో, సగం తనతో తను అనుకుంటున్నట్టు అంది.

"ఇన్నేళ్ళూ నేను వాయించడమే అడ్డం అనుకున్నానే పిల్లా."

మెల్లగా తలుపు వేసేసింది.